ఎడ్వర్డ్ జెన్నర్ – అందరికీ కట్టిన కరకట్ట

పటమటలోని మా వసతిగృహంలో పెట్టె పక్కన పెట్టె, చాప పక్కన చాప. ఒకరికి జలుబు చేస్తే రెండు రోజుల్లో గదంతా తుమ్ములే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఒక అంటువ్యాధికి అంతం చూపిన మహనీయుని జీవితాన్ని మా తోటి విద్యార్థులకు పరిచయం చేయాలనుకున్నాము. ఆయనే మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్.

జెన్నర్ 1749 మే 17న ఇంగ్లండులోని బర్క్‌లీ అనే చిన్న ఊరిలో జన్మించారు. అయిదేళ్ల వయసులోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని అన్నగారి నీడన పెరిగారు. ఆ రోజుల్లో మశూచి సోకితే పది మందిలో ముగ్గురు వరకు చనిపోయేవారు. బతికినవారి ముఖాలు గుంటలు పడేవి, కొందరికి చూపు పోయేది. మన పల్లెల్లో పెద్దమ్మవారు పోసిందని గుమ్మాలకు వేపమండలు కట్టింది ఈ జబ్బుకే.

అప్పట్లో మశూచి పొక్కులోని రసిని తీసి ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించేవారు. ఎనిమిదేళ్ల జెన్నర్‌కూ అలాగే చేశారు. పస్తులుంచి, రక్తం తీసి, గుర్రపుశాలలో ఉంచారు. ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం ఉంది. ఎక్కించుకున్నవారు కోలుకున్నా, వారి నుండి ఇరుగుపొరుగుకు అసలు మశూచే అంటుకునేది. తనను కాపాడుకున్నవాడే పక్కవాడికి ముప్పు తెచ్చేవాడు.

జెన్నర్ లండనులో జాన్ హంటర్ వద్ద వైద్యవిద్య నేర్చి, సొంత ఊరికి తిరిగివచ్చి వైద్యం చేశారు. ఆవు పొదుగు పొక్కులు చేతికి అంటిన పాలమ్మాయిలకు మశూచి రాదని పల్లెవాసులు చెప్పుకునే మాటను ఆయన కొట్టిపారేయలేదు. 1796 మే 14న సారా నెల్మ్స్ అనే పాలమ్మాయి చేతి పొక్కు నుండి రసి తీసి, తన తోటమాలి కొడుకు, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించారు. జులైలో అసలు మశూచి రసి ఎక్కించి చూశారు. జబ్బు రాలేదు.

ఇక్కడ మేము ఆగి ఆలోచించాము. పరీక్షకు దొరికింది పేదవాని బిడ్డే. అలాంటి ప్రయోగాన్ని నేడు ఎవరూ అనుమతించరు. తరువాత జెన్నర్ ఫిప్స్‌కు అద్దె లేకుండా ఇల్లు ఇచ్చారు. అయినా ఈ విజయంలో ఆ బాలుని వంతును మరువరాదని మా అభిప్రాయం.

1798లో జెన్నర్ తన పుస్తకాన్ని ప్రచురించారు. తన తోటలోని చిన్న గుడిసెలో పేదలకు ఉచితంగా టీకాలు వేశారు. 1802లో టీకా బొంబాయి చేరింది. 1803లో స్పెయిన్ నుండి 22 మంది అనాథ బాలురు ఒకరి చేతి నుండి ఒకరి చేతికి టీకాను అందిస్తూ సముద్రం దాటించారు. వారు మాలాంటి పిల్లలే! జెన్నర్ 1823 జనవరి 26న కన్నుమూశారు.

ఆవు పొక్కుల టీకా పక్కవారికి జబ్బు అంటించదు, పైగా వారికి అడ్డుగా నిలుస్తుంది. ఎలాగంటే, జబ్బు మనిషి నుండి మనిషికి నడుస్తుంది. చుట్టూ ఉన్నవారందరికీ రక్షణ ఉంటే దానికి దారి దొరకదు. దీనినే సామూహిక రోగనిరోధక శక్తి అంటారు. కరకట్ట కూడా అంతే. ఎంత పొడవున్నా ఒక్క గండి చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగిన సంగతి మన విజయవాడవారికి చెప్పనక్కరలేదు. టీకా వేయించుకోని వారు ఎక్కువైతే అదే గండి.

1970లలో మనదేశంలో ఇంటింటికీ తిరిగి రోగిని వెదికి, చుట్టుపక్కల వారందరికీ టీకాలు వేశారు. జబ్బు చుట్టూ కట్ట కట్టినట్లే! 1975 మే తరువాత మనదేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచమంతటా అంతమైందని ప్రకటించారు.

తట్టు ఇంకా పోలేదు. రక్షణ లేని చోట ఒక్కరి నుండి 12 నుండి 18 మందికి అంటగలదు. దానిని ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. మొదటి టీకా తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు. అంతవరకు ఇంట్లో మన చంటి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రక్షణ మనమే. సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు మనం ఏమి తీసుకువెళుతున్నామో ఆలోచిద్దాం. సూదికి భయపడి నర్సమ్మ వచ్చిన రోజున మంచాల కింద దాక్కున్నవారు మాలోనూ ఉన్నారు. ఇకపై దాక్కోము. అదే జెన్నర్‌కూ, తోటమాలి కొడుకు ఫిప్స్‌కూ మేము అర్పించే నివాళి.