పొద్దుపోయి వచ్చినా సరే

గన్నవరం అనగానే మన విజయవాడ వాళ్లకి ఎయిర్‌పోర్టు గుర్తొస్తుంది. డొక్కా సీతమ్మ గారిది ఆ గన్నవరం కాదు. కోనసీమలో, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఉన్న లంకల గన్నవరం.

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టేవారని ఊళ్లో ఆయన్ని బువ్వన్న అని పిలిచేవారట. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు ఒకసారి ప్రయాణంలో వాళ్లింట్లో భోంచేసి, ఆ మర్యాద చూసి సీతమ్మ గారిని పెళ్లాడారని చెబుతారు. ఆ సంసారం మొదలైందే ఒక అతిథి భోజనంతో అన్నమాట.

అప్పట్లో కోనసీమ ప్రయాణమంటే కాలవలు, రేవులు, పడవలు. అంతర్వేది వెళ్లే యాత్రికులు, పెళ్లివారు, వరదలో కొంప మునిగినవాళ్లు దారిలో ఎక్కడ తింటారు? హోటళ్లు లేవు. అలాంటి దారిలో సీతమ్మ గారి ఇల్లు ఉంది. ఏ వేళకి ఎవరొచ్చినా పొయ్యి వెలిగేది. ఓసారి ఆవిడే అంతర్వేది దర్శనానికి బయలుదేరారట. దారిలో ఒక పెళ్లిబృందం పిల్లలు ఆకలితో ఉన్నారని, వాళ్లు తన ఇంటికే వస్తున్నారని తెలిసి, దర్శనం మానుకుని వెనక్కి వచ్చి వండిపెట్టారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇది చదువుతుంటే నాకు గ్రీకుల అతిథి ధర్మం గుర్తొచ్చింది. హోమర్ కావ్యాల్లో కూడా ముందు అన్నం, తర్వాతే పేరు అడగడం. కానీ అక్కడ దానికో హద్దుంది. అతిథి కూడా మర్యాద పాటించాలి. ఒడిస్సియస్ లేని ఇంట్లో ఏళ్ల తరబడి తిష్ఠవేసి, ఆస్తి తినేసిన వాళ్లని అతను తిరిగొచ్చి చంపేస్తాడు. పైగా ఆ రాజుల ఇళ్లలో వండి వడ్డించేది ఎక్కువగా బానిసలు.

సీతమ్మ గారి దగ్గర అతిథికి పరీక్ష లేదు. హద్దంటూ ఉంటే అది ఆవిడ వైపే ఉంది: గాదెలో గింజలు, ఒంట్లో ఓపిక. పెట్టిపెట్టి ఆస్తి కరిగిపోయిందంటారు, అయినా ఆపలేదు. ఆవిణ్ణి దేవత అనేసి చేతులు దులుపుకోవడం మనకి తేలిక. దేవతకి నడుం నొప్పి ఉండదు కదా! తెల్లవార్లూ పొగలో కూర్చున్నది మాత్రం ఒక మనిషి.

ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకి పిలుపొస్తే ఆవిడ వెళ్లలేదనీ, బదులుగా ఫొటో తీసుకెళ్లారనీ ప్రసిద్ధి. వెళ్తే ఇక్కడ అన్నం ఎవరు పెడతారు మరి! 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు.

2024లో మన రాష్ట్రంలో బడి భోజనానికి కూడా ఆవిడ పేరు పెట్టారు. 2025 జనవరిలో అదే పథకం ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ వచ్చింది. నాకు ఇందులో నచ్చింది ఒకటే. లంకల గన్నవరంలో తిన్నవాడు ఒక తల్లి మంచితనం మీద ఆధారపడ్డాడు. ఇవాళ బళ్లో తినే పిల్ల ఎవరి దయా అడగక్కర్లేదు, అది తన హక్కు. ఒక్క మనిషి ఒంటిచేత్తో మోసిన బరువుని ఇప్పుడు మనందరం పంచుకుంటున్నాం. అందులో పప్పు నీళ్లగా ఉంటే అడగాల్సింది కూడా మనమే.