రగ్బీ మైదానంలో చే గువేరా

అర్జెంటీనా అనగానే మనకు మరడోనా, మెస్సీ గుర్తుకు వస్తారు. అక్కడ వీధివీధినా ఫుట్‌బాలే. అటువంటి దేశంలో రగ్బీ కూడా వేళ్లూనుకున్నది. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట ఇది. జట్టుకు పదిహేను మంది. బంతిని చేతితో ముందుకు విసరరాదు, పక్కకో వెనుకకో అందించాలి. బంతి పట్టినవానిని ఎదుటి జట్టువారు ఒడిసిపట్టి పడగొడతారు. అక్కడ స్థిరపడిన బ్రిటిష్ వారు 1873లో దీనిని తొలిసారి ఆడగా, 1899లో సంఘం ఏర్పడింది. ఫుట్‌బాల్ కూడా బ్రిటిష్ వారు తెచ్చినదే. అయితే అది పేదవాడలకు చేరింది. రగ్బీ చాలాకాలం కలవారి క్లబ్బులలోనే ఉండిపోయింది.

ఆ ఆటను ప్రాణంగా ప్రేమించినవారిలో ఎర్నెస్టో గువేరా ఒకరు. లోకం ఎరిగిన పేరు చే. 1928లో రొసారియోలో జన్మించిన ఆయనకు రెండేళ్ల ప్రాయంలోనే ఉబ్బసం సోకింది. బిడ్డకు పొడిగాలి మేలు చేస్తుందని తల్లిదండ్రులు కోర్డోబా ప్రాంతపు కొండ ఊరికి కాపురం మార్చారు.

కోర్డోబాలో చదువుకునే రోజులలో మిత్రుని అన్న ఆల్బెర్టో గ్రనాడో ఒక రగ్బీ జట్టుకు శిక్షణ ఇచ్చేవారు. బక్కపలుచని ఈ కుర్రవానిని చూసి ఆయన సందేహించారు. రెండు కుర్చీల మీద చీపురుకర్ర అడ్డుగా పెట్టి, దూకి అవతల నేలపై దొర్లమన్నారు. ఎర్నెస్టో ఆపమనే దాకా దూకుతూనే ఉన్నాడు. జట్టులో చోటు దొరికింది. ఆట మధ్యలో ఊపిరాడకపోతే మైదానం అంచుకు వచ్చి, మందు పీల్చుకుని, తిరిగి ఆటలో దిగేవాడు.

1947లో వైద్యవిద్య నిమిత్తం బ్యూనస్ ఎయిర్స్ చేరి, శాన్ ఇసిద్రో క్లబ్బులో ఆడారు. కుమారుని ప్రాణానికి భయపడి తండ్రి ఆ జట్టునుండి తప్పింపజేశారు. ఎర్నెస్టో మరొక క్లబ్బులో చేరిపోయారు! 1951లో మిత్రులతో కలిసి ‘టాకిల్’ అనే రగ్బీ పత్రికను నడిపి, మారుపేరుతో వ్యాసాలు వ్రాశారు. పదకొండు సంచికలతో అది ఆగిపోయింది. ఆ పిమ్మట గ్రనాడోతో కలిసి మోటారుసైకిలుపై దక్షిణ అమెరికా యాత్రకు బయలుదేరారు. ఆ దారిలో చూసిన పేదరికం ఆయన బ్రతుకునే మలుపు తిప్పింది.

1965లో అర్జెంటీనా జట్టు దక్షిణాఫ్రికాలో పర్యటించి, పూమాలు అన్న పేరు పొందింది. అప్పుడు చే కాంగో అడవులలో పోరాటంలో ఉన్నారు. 1967 అక్టోబరు 9న బొలీవియాలో ఆయనను కాల్చి చంపారు. అప్పటికి వయస్సు ముప్పైతొమ్మిది.

2007 ప్రపంచ కప్‌లో పూమాలు మూడవ స్థానం పొందారు. వారి క్వార్టర్ ఫైనల్ కోసం బోకా, రివర్ జట్ల ఫుట్‌బాల్ పోటీ వేళనే మార్చవలసి వచ్చింది! 2020లో న్యూజిలాండ్‌ను తొలిసారి ఓడించారు. ఈ ఎదుగుదల చే సాధించినది కాదు. జీతం లేకుండా దశాబ్దాలపాటు ఆడిన క్లబ్బు ఆటగాళ్ల శ్రమఫలం ఇది. ఊపిరి చాలకపోయినా ఆట మానని ఆ కుర్రవాడు వారిలో ఒకడు.