తేలే ఇంటి యజమాని: కెప్టెన్ జాషువా స్లోకమ్

జాషువా అనే పేరు వినగానే మన హాస్టల్ విద్యార్థులకు ముందుగా గుర్తొచ్చేది ‘గబ్బిలం’ రాసిన మహాకవి గుర్రం జాషువా గారు. ఆయన 1895 సెప్టెంబరులో వినుకొండలో జన్మించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి మరో జాషువా ఒక చిన్న తెరచాప పడవలో బయలుదేరారు. పడవలో ఇంకొక మనిషి లేడు, ఇంజను లేదు. మూడేళ్ల తర్వాత ఆయన తిరిగి వచ్చేసరికి ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టి వచ్చిన మొదటి మనిషిగా చరిత్రలో నిలిచిపోయారు. అప్పటికి ఆయన చదివిన బడి చదువు మూడో తరగతి. ఆయనే కెప్టెన్ జాషువా స్లోకమ్.

బాల్యం

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20న కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియాలో మౌంట్ హ్యాన్లీ అనే పల్లెలో జన్మించారు. పదకొండు మంది పిల్లల్లో ఆయన ఐదోవారు. సేద్యం గిట్టుబాటు కాక తండ్రి కుటుంబాన్ని బ్రయర్ ద్వీపానికి తీసుకెళ్లి, అక్కడి జాలర్లకు తోలు బూట్లు కుట్టే పని పెట్టుకున్నారు. తల్లి ఒక లైట్‌హౌస్ కాపలాదారు కూతురు.

పదేళ్ల వయసులో తండ్రి ఆయనను బడి మాన్పించి బూట్ల పనిలో కూర్చోబెట్టారు. కుర్రవాడి మనసంతా సముద్రం మీదే ఉండేది. ఇంటి నేలమాళిగలో దొంగచాటుగా ఒక బొమ్మ ఓడను చెక్కుకుంటుంటే తండ్రి చూసి దాన్ని ముక్కలు చేశాడు. పద్నాలుగో ఏట ఇంటి నుంచి పారిపోయి ఒక చేపల పడవలో వంటవాడిగా చేరారు. ఆయన వండిన మొదటి పిండివంట చూసి కళాసీలంతా తిరగబడి ఆయనను వంటగది నుంచి గెంటేశారు! 1860లో తల్లి చనిపోయింది. ఆ ఏడాదే, పదహారేళ్ల వయసులో, ఒక స్నేహితుడితో కలిసి ఐర్లాండ్‌లోని డబ్లిన్‌కు వెళ్లే ఓడలో కళాసీగా చేరి ఇంటిని శాశ్వతంగా విడిచిపెట్టారు.

కళాసీ నుంచి కెప్టెన్ దాకా

పగలు ఓడ పని, తీరిక దొరికితే పుస్తకం. నడి సముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్క కట్టే విద్యను ఆయన సొంతంగా నేర్చుకున్నారు. ఈ విద్యకు మూలం మనం భూగోళశాస్త్రంలో చదివేదే. మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, గ్రీనిచ్ సమయానికీ మనమున్న చోటి సమయానికీ ఎంత తేడా ఉందో చూస్తే రేఖాంశం తెలుస్తుంది. అందుకే ఓడలకు తప్పు చూపని ఖరీదైన గడియారం కావాలి. ఈ లెక్కలన్నీ నేర్చుకుని పద్దెనిమిదో ఏట బ్రిటిష్ ప్రభుత్వ పరీక్షలో నెగ్గి ఓడ అధికారి అయ్యారు. తర్వాత అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. ఇరవై అయిదో ఏట ఒక ఓడకు కెప్టెన్ అయ్యారు.

ఓడే ఇల్లు, ఓడే బడి

1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో వర్జీనియా వాకర్‌తో ఆయన వివాహం జరిగింది. ఆమె నేల మీద కాపురం పెట్టలేదు, భర్తతో ఓడెక్కింది. వారికి ఏడుగురు పిల్లలు పుట్టారు. వారంతా సముద్రం మీదో పరాయి రేవుల్లోనో కళ్లు తెరిచినవారే. ముగ్గురు పసితనంలోనే పోయారు. మిగిలిన నలుగురికి ఓడ గదే బడి, తల్లే పంతులమ్మ.

ఆయన జీవితంలో మెచ్చుకోదగినవే కాదు, మెచ్చుకోలేనివీ ఉన్నాయి. ‘నార్తర్న్ లైట్’ అనే పెద్ద ఓడకు కెప్టెన్‌గా ఉన్నప్పుడు తన కింద పనిచేసిన ఒక అధికారిని ఓడలో నిర్బంధించి క్రూరంగా చూశాడని కోర్టు ఆయనకు జరిమానా వేసింది. తండ్రి కాఠిన్యం నుంచి పారిపోయిన కుర్రవాడు కెప్టెన్ అయ్యాక తానూ కఠినుడయ్యాడు. అధికారం చేతికొచ్చినప్పుడు మనిషి తన పాత రోజులు మరచిపోకూడదని దీన్ని బట్టి మనం తెలుసుకోవాలి.

1884లో అర్జెంటీనాలోని బ్యూనస్ అయిరిస్ రేవులో, సొంత ఓడ ‘అక్విడ్నెక్’ మీదే, వర్జీనియా 34 ఏళ్లకే కన్నుమూసింది. రెండేళ్ల తర్వాత ఆయన తన బంధువుల అమ్మాయి హెన్రియెటాను పెళ్లి చేసుకున్నారు. 1887 డిసెంబరులో బ్రెజిల్‌లోని పరానగువా అఖాతంలో అక్విడ్నెక్ ఇసుక మేటకు తగిలి పాడైపోయింది. దాని శిథిలాన్ని అమ్మి కళాసీల జీతాలు ఇచ్చేశారు. ఇక మిగిలింది పరాయి దేశంలో భార్య, ఇద్దరు కొడుకులు.

స్వేచ్ఛ అనే పడవ

ఆయన ఎవరి ముందూ చేయి చాచలేదు. పగిలిన ఓడ నుంచి తెచ్చిన సామానుతో, అక్కడి అడవి కలపతో పెద్దకొడుకు విక్టర్ సాయంగా 35 అడుగుల పడవ కట్టారు. కుట్టుపని తెలిసిన హెన్రియెటా తెరచాపలు కుట్టింది. పడవను నీటిలోకి దించిన 1888 మే 13వ తేదీనే బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది. అందుకే ఆ పడవకు పోర్చుగీసు భాషలో స్వేచ్ఛ అని అర్థం వచ్చే ‘లిబర్దాదె’ అనే పేరు పెట్టారు.

అమ్మానాన్నలు, పదహారేళ్ల విక్టర్, ఏడేళ్ల గార్ఫీల్డ్. నలుగురూ ఆ పడవలోనే వండుకుని, అందులోనే పడుకుని, 55 రోజులు తెరచాప మీద సుమారు 5,500 మైళ్లు ప్రయాణించి అమెరికాలోని దక్షిణ కరోలినా తీరానికి చేరారు. అక్కడి నుంచి చలికాలపు సముద్రంలోకి పోకుండా తీరం వెంబడి లోపలి జలమార్గాలు పట్టారు. నదులు, ఉప్పునీటి పాయలు, కాలువల గుండా రేవు తర్వాత రేవు దాటుకుంటూ 1888 డిసెంబరు 27న రాజధాని వాషింగ్టన్ చేరుకున్నారు. హెన్రియెటా మాత్రం ఇలాంటి ప్రయాణానికి మళ్లీ ఒప్పుకోలేదు.

పొలంలో పడి ఉన్న పడవ

ఆ రోజుల్లో తెరచాప ఓడల కాలం చెల్లిపోతోంది. ఆవిరి ఓడలు వచ్చాయి. 1869లో తెరిచిన సూయెజ్ కాలువ వాటికే అనుకూలమైంది. ముప్పై ఏళ్లు కష్టపడి నేర్చిన విద్యకు విలువ లేకుండా పోయింది. చేతి పని తెలిసిన మన పెద్దలు యంత్రాలు వచ్చాక ఎలా నష్టపోయారో తెలిసిన మనకు ఆ బాధ విడమరచి చెప్పక్కరలేదు.

1892లో ఎబెన్ పియర్స్ అనే ముసలి కెప్టెన్ ఆయనకు ఉచితంగా ఒక ఓడ ఇస్తానన్నాడు. కొద్దిగా మరమ్మతు కావాలని కూడా చెప్పాడు. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌కు వెళ్లి చూస్తే అది ఒక పొలంలో ఊతకర్రల మీద ఏడేళ్లుగా నిలబెట్టి ఉన్న పాత ఆల్చిప్పల పడవ. పేరు ‘స్ప్రే’. విచిత్రం ఏమిటంటే ఆ చోటును అక్కడివారు పేదరికపు మూల అని పిలిచేవారు. చూసినవాళ్లంతా ఆయన దాన్ని విరగ్గొట్టి కలప అమ్ముకుంటాడని అనుకున్నారు.

ఆయన మాత్రం గొడ్డలి పట్టుకుని దగ్గర్లోని ఓక్ చెట్టు కొట్టి అడుగు దూలం చెక్కారు. ఒక్కొక్క పాత పలక తీసి కొత్త పలక వేశారు. పలకల సందుల్లో నార కూరి నీరు చొరబడకుండా బిగించారు. మధ్య మధ్య కూలి పనులకు వెళ్లి డబ్బు తెచ్చుకున్నారు. పదమూడు నెలల శ్రమకు తోడు అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. ఉద్యోగం, ఇల్లు రెండూ లేని మనిషికి ఆ పడవే ఇల్లయింది.

46,000 మైళ్లు

1895 ఏప్రిల్ 24న బోస్టన్ విడిచినప్పుడు ఆయన వయసు 51. ఓడ గడియారం బాగు చేయించడానికి 15 డాలర్లు అడిగారు. అంత ఇవ్వలేక ఒక డాలరుకు అద్దం పగిలిన రేకు గడియారం కొనుక్కున్నారు. దారిలో దాని నిమిషాల ముల్లు ఊడిపోయింది. ఒకసారి అది ఆగిపోతే నీళ్లలో ఉడకబెట్టి మళ్లీ నడిపించారు!

మధ్యధరా సముద్రం మీదుగా వెళ్లాలన్నది మొదటి ఆలోచన. సముద్రపు దొంగల భయం ఉందని జిబ్రాల్టర్‌లో హెచ్చరించడంతో వెనక్కి తిరిగి అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా వైపు వెళ్లారు. ఉరుగ్వే తీరంలో స్ప్రే ఇసుకలో చిక్కుకుంది. చిన్న పడవ వేసుకుని లంగరు దూరంగా దించబోతుంటే అది తిరగబడింది. అప్పుడు గుర్తొచ్చిందట ఆయనకు, తనకు ఈత రాదని! ఎలాగో పడవ అంచు పట్టుకుని గట్టుకు చేరారు.

దక్షిణ అమెరికా కొసన ఉన్న మాగెల్లాన్ జలసంధిలో అక్కడి ఆదివాసులు దాడి చేస్తారని చెప్పి ఒక నావికుడు ఆయనకు చిన్న మేకుల సంచి ఇచ్చాడు. రాత్రి పడుకునే ముందు వాటిని పడవ పైభాగమంతా చల్లేవారు. చీకట్లో వచ్చినవారు మేకులు గుచ్చుకుని కేకలు పెట్టి నీళ్లలోకి దూకి వెళ్లిపోయారు. ఈ కథ చదివి నవ్వుతాం. కానీ ఆ కాలంలో వలస వచ్చినవారు ఆ ఆదివాసుల నేలను ఆక్రమించి వారిని తుడిచిపెడుతున్నారన్న సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. స్లోకమ్ తన పుస్తకంలో వారిని ఆటవికులుగానే చూశారు.

పసిఫిక్‌లో హువాన్ ఫెర్నాండెజ్ దీవి నుంచి సమోవా దాకా 72 రోజులు ఎక్కడా ఆగలేదు. చుక్కాని కట్టేస్తే స్ప్రే దానంతట అదే దారి తప్పక నడిచేది. ఆయన వంట చేసుకుని, పుస్తకాలు చదువుకునేవారు. ఒంటరితనం బాధించినప్పుడు గట్టిగా పాటలు పాడుకునేవారు. ఆ దారిలోనే చంద్రుణ్ణి కొలిచి తానెక్కడున్నారో లెక్క కట్టారు. జవాబు తేడాగా వచ్చింది. మళ్లీ మళ్లీ చూస్తే తప్పు తన లెక్కలో కాదు, అచ్చు పట్టికలోనే ఉందని తేలింది. దాన్ని సరిదిద్దుకుంటే లెక్క సరిపోయింది. మూడో తరగతితో బడి మానిన మనిషి అచ్చు పుస్తకంలో తప్పు పట్టుకున్నాడు!

రేవుల్లో తన ప్రయాణం గురించి ఉపన్యాసాలిచ్చి ఖర్చులు సంపాదించుకున్నారు. మెల్‌బోర్న్‌లో ఒక సొరచేపను పట్టి, టికెట్టు పెట్టి జనానికి చూపించారు. దక్షిణాఫ్రికాలో భూమి బల్లపరుపుగా ఉందని నమ్మే అధ్యక్షుడు క్రూగర్‌ను కలిశారు. భూమి చుట్టూ తిరుగుతున్నానంటే ఆయన ఒప్పుకోలేదు! సెయింట్ హెలీనా దీవిలో ఎవరో ఇచ్చిన మేక వెస్టిండీస్ పటాన్ని నమిలేసింది. ఆ పటం లేకుండానే అక్కడి దీవులు దాటారు.

1898 జూన్ 27న న్యూపోర్ట్ రేవుకు చేరారు. మూడు సంవత్సరాల రెండు నెలల్లో 46,000 మైళ్లు. కొద్ది రోజులకే ఫెయిర్‌హేవెన్‌కు వెళ్లి, స్ప్రేను మొదటిసారి నీటిలోకి దించినప్పుడు కట్టిన గుంజకే మళ్లీ కట్టారు.

చివరి రోజులు

ఆయన రాసిన ప్రయాణ గ్రంథం 1900లో పుస్తకంగా వచ్చి ఎంతో పేరు తెచ్చింది. 1901లో స్ప్రేను ఈరీ కాలువ గుండా బఫెలో నగరపు ప్రదర్శనకు తీసుకెళ్లారు. 1902లో మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో భూమి కొన్నారు గాని నేల మీద కాలు నిలవలేదు. చలికాలం వెస్టిండీస్‌లో, వేసవి అమెరికా తీరంలో, పుస్తకాలు, గవ్వలు అమ్ముకుంటూ ఎక్కువ కాలం పడవలోనే గడిపారు. 1906లో న్యూజెర్సీలో ఒక బాలికతో అసభ్యంగా ప్రవర్తించాడన్న కేసులో ఆయన అభియోగాన్ని ఎదిరించలేదు, 42 రోజులు జైలులో ఉన్నారు. ఈ మచ్చను కప్పిపుచ్చడం న్యాయం కాదు.

1909 నవంబరులో, 65 ఏళ్ల వయసులో, స్ప్రేలో ఒంటరిగా దక్షిణానికి బయలుదేరారు. తర్వాత ఆయనను, పడవను చూసినవారు లేరు. 1924లో కోర్టు ఆయన మరణించినట్లు ప్రకటించింది.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా! స్లోకమ్‌ను దేవుడిగా పూజించనక్కరలేదు. ఆయన దగ్గర తీసుకోవలసింది తీసుకుందాం. బడి ఆయనను వదిలేసినా ఆయన చదువును వదల్లేదు. ఓడ పోయింది, డబ్బు పోయింది, కాలమే ఎదురు తిరిగింది. నేర్చుకున్న లెక్క, చేతి పని మాత్రం పోలేదు. మనలో చాలామంది రేకు పెట్టె, పళ్లెం, గ్లాసు పట్టుకుని పదేళ్ల వయసులోనే ఇల్లు విడిచి ఈ హాస్టల్‌కు వచ్చినవాళ్లం. ఆయనకు పదో ఏట మూసుకుపోయిన బడి తలుపు మనకు తెరిచి ఉంది. దీపం కింద లెక్క కుదరనప్పుడు పుస్తకం మూసేయకుండా మరొక్కసారి చూద్దాం. తప్పు ప్రతిసారీ మనలోనే ఉండాలని లేదు.