రోజర్ నీధామ్

రోజర్ మైఖేల్ నీధామ్ (ఫిబ్రవరి 9, 1935 - మార్చి 1, 2003) సుప్రసిద్ధ బ్రిటిషు కంప్యూటరు శాస్త్రవేత్త. నెట్‌వర్కులోని కంప్యూటర్లు తమ గుర్తింపును పరస్పరం రుజువు చేసుకొనే పద్ధతులకు పునాది వేసినవారిలో ఈయన ముఖ్యుడు.

జీవిత విశేషాలు

నీధామ్ ఇంగ్లాండులో జన్మించాడు. 1953లో కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి గణితము, తత్త్వశాస్త్రము అభ్యసించాడు. 1958లో కరెన్ స్పార్క్ జోన్స్‌ను వివాహమాడాడు. సమాచార శోధన రంగంలో ఆమె కూడా పేరుపొందిన శాస్త్రవేత్త. 1962లో నీధామ్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో చేరాడు.

సంకేతపదాల రక్షణ

1960వ దశకంలో అక్కడి టైటాన్ కంప్యూటరును అనేకులు ఒకేసారి వాడుకొనేవారు. సంకేతపదాల (పాస్‌వర్డుల) ఫైలు పరుల చేతికి చిక్కితే అందరి ఖాతాలూ బయటపడే ప్రమాదముండేది. నీధామ్ సూచన మేరకు, సంకేతపదాన్ని యథాతథంగా కాక, తిరిగి రాబట్టడానికి వీలులేని రూపంలోకి మార్చి దాచారు. నేటికీ ఈ సూత్రమే అనుసరణీయము.

నీధామ్-ష్రోడర్ ప్రోటోకాలు

1978లో మైఖేల్ ష్రోడర్‌తో కలిసి ఈయన ప్రచురించిన పత్రము మిక్కిలి ప్రసిద్ధి చెందినది. ఉదాహరణకు జనగామలోని కంప్యూటరు మహబూబాబాద్‌లోని కంప్యూటరుతో సంభాషించవలెననుకొందాము. రెండింటి రహస్య తాళాలూ భూపాలపల్లిలోని నమ్మకమైన సర్వరు వద్ద ఉన్నవనుకొందాము. సర్వరు ఒక కొత్త తాత్కాలిక తాళాన్ని సృష్టించి, జనగామకు ఆ ఊరి తాళంతో మూసి పంపుతుంది. దానితోబాటు మహబూబాబాద్ మాత్రమే తెరవగల పొట్లం ఒకటి ఉంటుంది. జనగామ ఆ పొట్లాన్ని మహబూబాబాద్‌కు అందజేస్తుంది. ఆపై రెండూ తాత్కాలిక తాళంతోనే మాట్లాడుకొంటాయి. అసలు రహస్యాలు తీగల మీద ప్రయాణించవు.

లోపాలు, సవరణలు

ఇటువంటి ప్రోటోకాళ్ళలోని సూక్ష్మదోషాలు మామూలు వాడుకలో బయటపడవని, వాటిని పరిశీలించే ప్రత్యేక పద్ధతులు అవసరమని రచయితలు ఆ పత్రంలోనే హెచ్చరించారు. అది వారి ప్రోటోకాలు విషయంలోనే నిజమయింది. పాత తాత్కాలిక తాళాన్ని దొంగిలించినవాడు పాత పొట్లాన్నే మళ్ళీ పంపితే, అది పాతదని మహబూబాబాద్ గుర్తించలేదు. 1981లో డెన్నింగ్, సాకో ఈ లోపాన్ని చూపి, సందేశంలో సమయాన్ని చేర్చాలని సూచించారు. బహిరంగ తాళాలతో పనిచేసే రెండవ రూపంలోని దోషం 17 ఏళ్ళ తరువాత, 1995లో గావిన్ లోవ్ ద్వారా వెల్లడయింది.

ప్రోటోకాళ్ళను తర్కంతో పరీక్షించేందుకు బరోస్, అబాడీలతో కలిసి నీధామ్ 1989లో బాన్ తర్కాన్ని ప్రకటించాడు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరయ్యాయి.

ప్రభావము

మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో 1980వ దశకంలో రూపొందిన కెర్బెరోస్ వ్యవస్థకు 1978 నాటి ప్రోటోకాలే ఆధారము. సమయాన్ని చేర్చే సవరణ కూడా అందులో ఉన్నది. విండోస్ 2000 మొదలుకొని మైక్రోసాఫ్ట్ కార్యాలయ నెట్‌వర్కులలో లాగిన్‌కు కెర్బెరోస్‌నే వాడుతున్నారు.

చివరి దశ

నీధామ్ 1980 నుండి 1995 వరకు కేంబ్రిడ్జి కంప్యూటరు ప్రయోగశాలకు అధిపతి. 1985లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1997లో కేంబ్రిడ్జిలో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలను స్థాపించాడు. 2003 మార్చి 1న కాన్సరు వ్యాధితో మరణించాడు.