నగేంద్రప్రసాద సర్వాధికారి

కలకత్తా మైదానమున భారతీయులు ఆడిన ఫుట్‌బాలు చరిత్రను చెప్పువారు సాధారణముగా 1911వ సంవత్సరముతో ప్రారంభింతురు. ఆ సంవత్సరము జూలై 29వ తేదీన మోహన్ బగాన్ సంఘమువారు ఈస్టు యార్కుషైరు పటాలముపై రెండు గోలులు వేసి, ఒక్కటి మాత్రమే వేయనిచ్చి, ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలుచుకొనిరి. పదునొకండుగురిలో పదిమంది వట్టి పాదములతోనే యాడిరి. వంగదేశ విభజనముచే గాయపడియున్న ప్రజలకు ఆ విజయము గొప్ప యూరట గూర్చెను. ఆ కీర్తిలో మోహన్ బగాన్ వారికి గల భాగమును మేము తగ్గింపగోరము. కాని వారికి ఇరువదియేండ్లకు ముందే ఆ బాటను వేసిన మహనీయుడు ఒకడు గలడు. ఆయనయే నగేంద్రప్రసాద సర్వాధికారి.

ఆయన 1869వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన జన్మించెను. తండ్రి సూర్యకుమార సర్వాధికారి పేరుపొందిన వైద్యుడు. సోదరుడు దేవప్రసాదుడు తరువాతికాలమున కలకత్తా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడయ్యెను. ఇట్టి విద్వత్కుటుంబమున బుట్టిన బాలుడు ఒకనాడు మైదానము ప్రక్కగా పోవుచు, తెల్ల సిపాయిలు ఆడుచుండగా తన వద్దకు దొరలివచ్చిన బంతిని తన్నెననియు, నాటినుండి ఆయాట ఆయనను విడువలేదనియు చెప్పుదురు. హేర్ పాఠశాలలో తోడి విద్యార్థులు చందాలు వేసికొని కొన్న బంతి తీరా చూడగా రగ్బీ యాటకు సంబంధించినదట. ప్రెసిడెన్సీ కళాశాల యాచార్యుడగు స్టాక్ దొర దానిని గమనించి, తగిన బంతిని తెప్పించి, ఆట నియమములను బోధించెనని ప్రతీతి. పాలకజాతికి చెందినవాడైనను, విద్యార్థుల యుత్సాహమును జూచి చేయూతనిచ్చిన ఆ యాచార్యుని స్మరించుట మనకు ధర్మము.

అటుపిమ్మట నగేంద్రుడు ఒకదానివెంట నొకటిగా ఆటల సంఘములను స్థాపించుచు వచ్చెను. వానిలో వెల్లింగ్టన్ క్లబ్బు ఒకటి. ఆ సంఘమున మణిదాస్ అను యువకుని చేర్చుకొనవలెనని ఆయన తలపెట్టగా సభ్యులలో గొందఱు ఆక్షేపించిరి. ఆ యువకుడు కుమ్మరివాని కుమారుడగుటయే వారి యాక్షేపణకు కారణము. కుమ్మరి చేసిన కుండలోని నీరు త్రాగుటకు లేని యభ్యంతరము, కుమ్మరి బిడ్డ ప్రక్కన నిలిచి బంతిని తన్నుటకు వచ్చినది! ఇట్టి సమయములందు పెద్దమనుష్యులు మధ్యేమార్గమును వెదకుట వాడుక. ఆ యువకునికి నచ్చజెప్పి పంపివేయుదురు. లేదా వేరొక జట్టును కట్టుకొమ్మని సలహా నిత్తురు. నగేంద్రుడు ఈ రెండును చేయలేదు. తాను పెంచిన సంఘమునే రద్దు గావించెను. 1887వ సంవత్సరమున శోభాబజారు రాజవంశీయుల తోడ్పాటుతో శోభాబజారు క్లబ్బును స్థాపించి, అందు మణిదాస్‌ను మొట్టమొదటి సభ్యులలో నొకనిగా జేర్చుకొనెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిదేండ్లు. మా యభిప్రాయమున ఆయన జీవితమునందలి మహావిజయ మిదియే.

జాతిభేదమును పాటింపని ఈ సంఘమే తెల్లవారి నెదుర్కొన్నది. 1889లో ప్రారంభమైన ట్రేడ్సు కప్పు పోటీలో మొదటి సంవత్సరమున పాల్గొన్న భారతీయ సంఘము శోభాబజారు ఒక్కటియే. 1892లో ఆ పోటీయందే ఈస్టు సర్రే పటాలమును వారు 2-1గా ఓడించిరి. మఱుసటి యేడు ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు నగేంద్రుడు దాని స్థాపనమున పాల్గొనెను. ఆ సంవత్సరమే మొదలైన షీల్డు పోటీలో నిలిచిన ఏకైక భారతీయ సంఘమును శోభాబజారే.

1898లో కలకత్తా ఫుట్‌బాలు లీగు ప్రారంభమయ్యెను. షీల్డు పోటీలో నొకసారి ఓడినవారు తొలగిపోదురు. లీగులో నట్లు గాదు. ప్రతి జట్టును మిగిలిన జట్లన్నిటితో నాడి, గెలుపునకు, సమమైన ఆటకు వేర్వేరుగా నియమింపబడిన పాయింట్లను కూర్చుకొనవలెను. ఒకనాటి యదృష్టము అందు చాలదు. ఋతువంతయు నిలిచిన శక్తి గావలెను. మొదటి యేడు గ్లాస్టరుషైరు పటాలము అగ్రస్థానము నందెను. కాని మన సంఘములకు ఆ లీగులో ప్రవేశమే లేదు. షీల్డును గెలిచిన మూడేండ్లకు, అనగా 1914లో, మోహన్ బగాన్, ఆర్యన్ సంఘములకు రెండవ తరగతిలో మాత్రము చోటు దొరికెను. మఱుసటి యేడు మోహన్ బగాన్ మొదటి తరగతి కెక్కెను. అంతటితో నైనను తలుపులు పూర్తిగా దెఱవబడలేదు. మొదటి తరగతిలో భారతీయ సంఘములు రెండింటికి మించి యుండరాదను కట్టడి యుండెను. తమ యాటచే అర్హత సంపాదించిన ఈస్టు బెంగాల్ వారికి ఆ కట్టడియే అడ్డుపడగా, ఆందోళనము సాగి అది తొలగింపబడిన పిమ్మట 1925లో వారు మొదటి తరగతిలో నాడిరి. తుదకు 1934లో మహమ్మడన్ స్పోర్టింగు సంఘము లీగును గెలిచి, వరుసగా 1938 వఱకు ఐదేండ్లు ఆ గౌరవమును నిలుపుకొనెను. వానకు తడిసిన మైదానమున వట్టికాళ్ల పట్టుదలతో పాటు బూట్లును అవసరమని వారు గ్రహించియుండిరి. 1939లో లీగు మోహన్ బగాన్‌కు దక్కెను. ఆ ఫలమును గూడ కన్నులార జూచి, 1940 జనవరి 17వ తేదీన నగేంద్రుడు పరమపదించెను.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలసినదిగా పాఠకులను గోరుచున్నాము. ఆడగల సత్తువ యుండియు, పుట్టుకను బట్టి వెలివేయబడిన సంఘములు లీగు వాకిట వేచియుండెను. ఆడగల సత్తువ యుండియు, పుట్టుకను బట్టియే కుమ్మరిబిడ్డ వెల్లింగ్టన్ క్లబ్బు వాకిట వేచియుండెను. మొదటి యన్యాయమును ఖండించుటకు మన పత్రికలు సిరాను కొదువ చేయలేదు. రెండవదానిని గుర్తించినవారు మిక్కిలి తక్కువ. పరుల గడపను దాటు హక్కును కోరువాడు ముందుగా తన గడపను తెఱచియుంచవలెనని నగేంద్రుడు ఉపన్యాసములతో గాక కార్యముతో నిరూపించెను.

ఆ తెఱచిన వాకిలి ఎందఱకో దారియైనది. 1940 దశకమునుండి 1950 దశకము వఱకు ఈస్టు బెంగాల్ ముందువరుసలో నాడి పంచపాండవులని పేరొందిన యైదుగురిలో అప్పారావు మన యాంధ్రుడే. ఆతని కులమును గాని భాషను గాని మైదానమున నడిగినవారు లేరు. ఆతని యాటను మాత్రమే చూచిరి.

నేడు మన గ్రామములందును పట్టణములందును ఆటస్థలములు, వ్యాయామసంఘములు గలవు. వాని నిర్వాహకులు కప్పులను లెక్కించుకొనుటకు ముందు తమ సభ్యుల పట్టికను తెఱచి చూచుకొందురు గాక! అందు ఏ వాడ పిల్లల పేళ్లు లేవో ఆ వాడకు స్వయముగా పోయి పిలుచుకొని వచ్చుటయే నగేంద్రప్రసాద సర్వాధికారికి తగిన స్మారకము.