విద్యార్థిగా వచ్చిన ఆచార్యుడు

సంగీతం గురుముఖతః అభ్యసించవలసిన విద్య. పూర్వకాలంలో ఈ విద్యను కోరినవాడు గురువుగారి ఇంటిని వెదుక్కుంటూ వెళ్ళేవాడు. ఆ ఇంటనే ఉండి, చెప్పిన పనులు చేస్తూ, గురువు పాడుతున్నప్పుడు విని, పాడమన్నప్పుడు పాడి, ఏళ్ళ తరబడి శుశ్రూష చేసి విద్యను సంపాదించేవాడు. ఈ పద్ధతి మహావిద్వాంసులను తీర్చిదిద్దింది. అయితే దానికొక పరిమితి ఉండేది. సంగీత కుటుంబంలో పుట్టినవారికి, గురువు అనుగ్రహానికి పాత్రులైన కొద్దిమందికి తప్ప తక్కినవారికి ఆ తలుపు తెరుచుకునేది కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో తెలుగుదేశంలో ఆ తలుపును అందరికోసం తెరిచిన విద్యాలయం విజయనగరంలో వెలసింది. ఆ విద్యాలయానికి తన జీవితాన్ని అంకితం చేసిన వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు.

ఉత్తరాన ఇచ్ఛాపురం మొదలుకొని దక్షిణాన పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తడ వరకు మన కోస్తా తీరం సాగుతుంది. నెల్లూరు జిల్లాలో చిరకాలం ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన తడకు మద్రాసు నగరం కూతవేటు దూరమే. ఆ నగరంలో సభలు, కచేరీలు, విద్వాంసులు ఉండేవారు. పాఠశాలల్లో సంగీతం చెప్పగల ఉపాధ్యాయులను తయారుచేయడానికి మద్రాసు సంగీత అకాడమీ 1931లో ఒక కళాశాలను కూడా నెలకొల్పింది. కాని తీరానికి ఉత్తరపు కొసన ఉన్న ఉత్తరాంధ్ర ప్రజలకు మద్రాసు చాలా దూరం. అటువంటి ప్రాంతంలో అకాడమీ కళాశాలకు పన్నెండేళ్ళు ముందే ఒక సంగీత పాఠశాల ఏర్పడడం విశేషం.

వేంకటస్వామినాయుడు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినాన, బెంగళూరులో జన్మించారు. తండ్రి వేంకటరాయుడు సైన్యంలో పనిచేశారు. ఆ తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. బాలుడైన వేంకటస్వామికి చూపు మందం. నల్లబల్లపై రాసిన అక్షరాలు, పుస్తకంలోని పంక్తులు అతనికి సరిగా కనిపించేవి కావు. ఆ కారణంగా బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. బడి మానిన పిల్లవాని భవిష్యత్తు ఏమవుతుందోనని ఏ తల్లిదండ్రులైనా దిగులుపడతారు. ఆ సమయంలో అన్నగారైన వేంకటకృష్ణయ్య తమ్ముని చేతికి వాయులీనాన్ని అందించారు. అక్షరం అందని పిల్లవానికి స్వరం అందింది.

వాయులీనం పుట్టుకతో మన వాద్యం కాదు. ఐరోపా నుండి వచ్చిన ఈ వాద్యాన్ని ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక ఐరోపా విద్వాంసుని వద్ద నేర్చి, కర్ణాటక సంగీతానికి అనువుగా మలచారు. దానికి వీణకు ఉన్నట్లు మెట్లు ఉండవు. ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో వేలికి చూపే గుర్తు ఏదీ లేదు. చెవి చెప్పినచోట వేలు నిలవాలి. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరం పలుకుతుంది. కనుక ఇది కంటికంటె చెవిని ఎక్కువగా నమ్ముకున్న వాద్యం. చూపు మందగించిన బాలునికి అది తగిన తోడయింది. అన్నగారి శిక్షణలో ఆయన రాత్రింబవళ్ళు సాధన చేశారు. పాశ్చాత్యుల కమాను విధానాన్ని కూడా శ్రద్ధగా గమనించి, దానిలోని మంచిని గ్రహించారు. కమానును పొడుగ్గా, నిండుగా లాగి మృదుమధురమైన నాదాన్ని పలికించడం ఆయన ప్రత్యేకత అయింది.

విజయనగర సంస్థానం సంగీత సాహిత్యాలకు పుట్టినిల్లు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు కుమారుడు గంగరాజు అంధుడు. ఆ బాలునికి సంగీతమంటే మక్కువ. అతనికి చదువు చెప్పించే మార్గం ఆలోచించిన మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు, ఒక్కనికి మాత్రమే కాక అందరికీ ఉపయోగపడేలా పాఠశాలనే స్థాపించారని ప్రసిద్ధి. అదే 1919 ఫిబ్రవరి 5వ తేదీన ప్రారంభమైన విజయరామ గానపాఠశాల. హరికథా పితామహుడుగా కీర్తిపొందిన ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులయ్యారు.

ఈ వార్త విశాఖపట్నంలోని వేంకటస్వామినాయుడుకు చేరింది. అప్పటికి ఆయన వయసు ఇంచుమించు ఇరవై ఆరేళ్ళు. పెద్దల సన్నిధిలో మరింత నేర్చుకోవాలన్న కోరికతో విద్యార్థిగా చేరడానికి ఆయన విజయనగరం వెళ్ళారని, ఆయన వాద్యం విన్న పెద్దలు విద్యార్థిగా కాక వాయులీన ఆచార్యుడుగానే నియమించారని చెబుతారు. చదువుకోసం వచ్చినవాడు చదువు చెప్పేవాడయ్యాడు. ఒకనాడు బడికి దూరమైన వ్యక్తికి మరొక బడి పెద్దపీట వేసింది. ఆ పీఠం మీద కూర్చున్నా, తాను నేర్చుకోవడానికి వచ్చినవాడినన్న భావాన్ని ఆయన జీవితాంతం విడువలేదు.

పాఠశాలలో సంగీతం చెప్పడం అంత తేలిక కాదు. గురువు ఇంట్లో శిష్యుడు ఒక్కడే. తరగతిలో పదిమంది. ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క శ్రుతిలో ఉంటుంది. ఒకరికి లయ పట్టుబడితే మరొకరికి స్వరస్థానం నిలవదు. సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కీర్తనలు అని పాఠ్యక్రమం ఏర్పరచవచ్చు. ఇన్ని గంటలు, ఇన్నేళ్ళు అని కాలం నిర్ణయించవచ్చు. పరీక్షలు పెట్టవచ్చు. కాని రాగానికి ప్రాణమైన గమకాన్ని కాగితంపై పూర్తిగా రాయడం సాధ్యం కాదు. స్వరలిపి దారి చూపుతుందే తప్ప గమ్యం చేర్చదు. గంట కొట్టగానే ముగిసే తరగతిలో కళ బతుకుతుందా అన్న సందేహం ఆనాడు చాలామంది పెద్దలకు కలగడంలో ఆశ్చర్యం లేదు.

ఆ సందేహానికి వేంకటస్వామినాయుడు జీవితమే సమాధానమయింది. ఉపాధ్యాయుడు స్వయంగా సాధకుడైతే, వేదికపై తాను పలికించే నాదాన్నే తరగతిలోనూ పలికిస్తే, పాఠశాలకూ గురుకులానికీ దూరం తగ్గుతుందని ఆయన నిరూపించారు. ఉద్యోగం దొరికిందని కచేరీలు మానలేదు. కచేరీలు పెరిగాయని పాఠాలు మానలేదు. శ్రుతిశుద్ధి ఆయనకు ఆరోప్రాణం. సంగీతానికి పునాది అయిన తంబురా నాదాన్ని లోతుగా పరిశీలించి, దాని విశేషాలపై వ్యాసం కూడా రాశారు. పక్కవాద్యంగానే పరిగణింపబడుతూ వచ్చిన వాయులీనాన్ని ప్రధాన వాద్యంగా నిలిపిన కీర్తి ఆయనది. 1938లో వేలూరులో ఆయన వాయులీనంపై ఏకవాద్య కచేరీ చేసి శ్రోతలను మెప్పించారు.

నారాయణదాసు తరువాత, 1936లో వేంకటస్వామినాయుడు ఆ కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. ఆయన కాలంలో అక్కడికి వచ్చిన విద్యార్థులలో చాలామంది పేదలు. కృష్ణా జిల్లా నుండి వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరారు. ఇంటింటా మధుకరం ఎత్తి పొట్ట నింపుకొంటూ చదివారు. అక్కడి అధ్యాపకుడైన పట్రాయని సీతారామశాస్త్రి ఆ బాలుని చేరదీసి, ప్రతిఫలం కోరకుండా విద్య చెప్పారు. పాఠశాల కట్టడం ఎవరిదైనా, దానిని విద్యాలయంగా మార్చేది ఇటువంటి అధ్యాపకులే. ఆ బాలుడు తరువాతి కాలంలో తెలుగువారి ఇంటింటా వినిపించిన గొంతు అయ్యాడు. విజయనగరంలోనే పుట్టిన గాయని పి. సుశీల కూడా ఈ కళాశాలలో చదివి డిప్లొమా పొందారు.

ఇక్కడ చదివినవారందరూ గాయకులుగా పేరు పొందలేదు. ఎందరో ఉపాధ్యాయులై తాము నేర్చిన విద్యను పదిమందికి పంచారు. 1940లో ఈ కళాశాలలో చేరిన నేదునూరి కృష్ణమూర్తి గొప్ప గాయకుడు కావడమే కాక విజయవాడ, తిరుపతి మొదలైన చోట్ల సంగీత కళాశాలలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. అన్నమాచార్య సంకీర్తనలకు స్వరాలు కూర్చి ప్రచారంలోకి తెచ్చారు. ఉత్తరాన విజయనగరంలో వెలిగించిన దీపం తడకు పొరుగున ఉన్న తిరుపతి వరకు వెలుగు పంచింది. ఒక దీపం మరొక దీపాన్ని వెలిగించినట్లు, ఒక గురువు మరొక గురువును తయారుచేయడమే విద్యాలయం చేయగల మహోపకారం.

వేంకటస్వామినాయుడును వెదుక్కుంటూ గౌరవాలు వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సదస్సుకు ఆయన అధ్యక్షత వహించి, సంగీత కళానిధి బిరుదును పొందారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1952లో భారతదేశానికి వచ్చిన ప్రపంచ ప్రఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్, మద్రాసులో న్యాయమూర్తి రాజమన్నార్ ఇంట వేంకటస్వామినాయుడు వాద్యం విని ముగ్ధుడయ్యారు. పాశ్చాత్య సంగీతంలో ఆరితేరిన విద్వాంసుడు, తన వాద్యం మన దేశంలో పొందిన కొత్త రూపాన్ని చూసి ఆనందించడం మన సంగీతానికి దక్కిన గౌరవం. 1964 నవంబరు 25వ తేదీన వేంకటస్వామినాయుడు పరమపదించారు. ఆయన శతజయంతి సందర్భంగా 1993లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

విజయరామ గానపాఠశాల కాలక్రమంలో మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల అయింది. 2019 నాటికి దానికి నూరేళ్ళు నిండాయి. సంగీతం వేడుకలకు, పోటీలకు మాత్రమే పనికివచ్చే వినోదమని భావించేవారు నేటికీ ఉన్నారు. కాని శ్రుతి పట్టిన చెవి ఎదుటివాని మాటను ఓపికగా వింటుంది. లయ తెలిసిన మనస్సు తొందరపాటును అదుపులో ఉంచుకొంటుంది. పదిమందితో కలిసి పాడే పిల్లవాడు తన గొంతును తక్కినవారి గొంతులతో కలపడం నేర్చుకొంటాడు. ఇది బడిలోనే జరగవలసిన చదువు. తడ వంటి సరిహద్దు ఊరి బడిలో ఒక బాలికకు శ్రుతి అంటే ఏమిటో తెలియాలంటే, అక్కడ ఒక సంగీతోపాధ్యాయుడు ఉండాలి. ఆ ఉపాధ్యాయునికి విద్య చెప్పిన కళాశాల ఒకటి ఉండాలి. ఆ కళాశాలలో తానే మొదటి విద్యార్థినని భావించే ఆచార్యుడు ఉండాలి. ద్వారం వేంకటస్వామినాయుడు అటువంటి ఆచార్యుడు.