క్షమాభిక్ష వద్దనిన సంఘపెద్ద: ఫ్రెడ్ కోరెమాట్సు జీవితము

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 16:35–40

ఫిలిప్పీ పట్టణపు అధికారులు పౌలును సీలను విచారణ లేకయే కొట్టించి చెరలో వేసిరి. మరునాడు ఎవరికిని తెలియకుండ వారిని పంపివేయ జూచిరి. పౌలు అందుకు సమ్మతింపలేదు. అధికారులే స్వయముగా వచ్చి తమ్మును బయటికి తీసికొనిపోవలెనని పట్టుబట్టెను. మన సంఘములలో ఈ భాగము చదువబడినప్పుడు కొందరికి ఒక సందేహము కలుగును. క్షమింపుమని బోధించిన అపొస్తలుడు ఇంత పట్టుదల ఏల చూపెను? విడుదల దొరికినది గదా, ఊరకుండరాదా? ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొని, అమెరికా దేశములో నివసించి 2005లో మరణించిన ఒక ప్రెస్బిటేరియన్ సంఘపెద్ద జీవితమును ఈ నెల మన పాఠకుల ముందుంచుచున్నాము.

పూలతోటవాని కుమారుడు

ఫ్రెడ్ కోరెమాట్సు 1919 జనవరి 30న కాలిఫోర్నియా రాష్ట్రములోని ఓక్లాండ్ పట్టణమున జన్మించెను. నలుగురు అన్నదమ్ములలో ఇతడు మూడవవాడు. తలిదండ్రులు 1905లో జపాను దేశమునుండి వలస వచ్చినవారు. గులాబీ తోటలు పెంచి, పూలమ్మి జీవించిరి. ఇంటిలో పెట్టిన పేరు టోయోసబురో. బడిలో ఉపాధ్యాయురాలికి ఆ పేరు నోట తిరుగక ఫ్రెడ్ అని పిలిచెను. ఆ పేరే నిలిచిపోయెను.

అక్కడ పుట్టినందున ఫ్రెడ్ అమెరికా పౌరుడే. కాని అతని తలిదండ్రులు ఎన్ని సంవత్సరములు కష్టించినను పౌరులు కాజాలకుండిరి. జపానునుండి వచ్చినవారికి పౌరసత్వము ఈయకూడదను నిబంధన 1952 వరకు అమలులో ఉండెను. కాలిఫోర్నియాలో 1913లో చేసిన చట్టము ప్రకారము వారు భూమి కొనుటకును వీలులేదు. 1924లో జపానునుండి వలస రావడమే నిలిపివేసిరి. కాబట్టి యుద్ధము వచ్చినప్పుడు కలిగిన అనుమానము ఒక్క దినములో పుట్టినది కాదు. అది చట్టములలోనే చాలకాలము పెంచబడినది.

ఇల్లు విడువుమను ఆజ్ఞ

1941 డిసెంబరు 7న జపాను విమానములు హవాయి దీవులలోని పెర్ల్ హార్బరు మీద బాంబులు వేసెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్టు 9066వ నంబరు ఉత్తర్వుపై సంతకము చేసెను. దాని బలముచేత జనరల్ డివిట్ అను సేనాని పడమటి తీరమందున్న జపాను సంతతివారినందరిని ఇండ్లు విడిచి పొమ్మని ఆజ్ఞలు వేసెను. ఇంచుమించు 1,20,000 మంది శిబిరములకు తరలింపబడిరి. వారిలో మూడింట రెండు వంతులమంది అమెరికాలో పుట్టిన పౌరులే. ముసలివారు, చంటిబిడ్డలు, రోగులు అను భేదము లేదు. చేత మోయగలిగినంత సామాను మాత్రమే తీసికొనిపోనిచ్చిరి. దుకాణములను, పొలములను, పడవలను వచ్చిన వెలకు అమ్ముకొనిరి.

వీరిలో ఎవరిమీదను ఒక నేరము మోపి విచారించలేదు. యుద్ధము జర్మనీతోను, ఇటలీతోను కూడ జరుగుచుండెను. అయినను జర్మను, ఇటలీ సంతతివారిని ఈలాగు కుటుంబములు కుటుంబములుగా తరలింపలేదు. బాంబులు పడిన హవాయిలో జపాను సంతతివారు ఎక్కువమంది ఉన్నను, అక్కడను సామూహిక తరలింపు జరుగలేదు. పాఠకులు ఈ రెండు సంగతులను గమనింతురు గాక.

పట్టుబడిన యువకుడు

అప్పటికి ఫ్రెడ్ వయస్సు ఇరువదిమూడు. ఓడలు కట్టు స్థలమున వెల్డింగు పని చేయుచుండెను. జపాను రక్తమున్నదను కారణముచేత ఆ పని పోయెను. తలిదండ్రులు, సోదరులు ఆజ్ఞకు లోబడి శిబిరమునకు వెళ్లిరి. ఫ్రెడ్ వెళ్లలేదు. అతడు మొదట దేశోద్ధారకుడనని తలంచి నిలువలేదు. ఇటలీ సంతతికి చెందిన ఒక యువతిని ప్రేమించి, ఆమెతో సామాన్యమైన జీవితము గడుపగోరెను. పేరు మార్చుకొనెను. ముఖము మారునేమోయని కంటికి చిన్న శస్త్రచికిత్స చేయించుకొనెను. దానివలన ప్రయోజనము లేకపోయెను. 1942 మే 30న శాన్ లియాండ్రో పట్టణపు వీధిలో పోలీసులు అతనిని పట్టుకొనిరి.

చెరసాలలోనున్న అతనియొద్దకు ఎర్నెస్ట్ బెసిగ్ అను న్యాయవాది వచ్చెను. పౌరహక్కుల సంఘమొకటి ఈ ఆజ్ఞను న్యాయస్థానములో ప్రశ్నింపగోరుచున్నదనియు, అతడు తన పేరిట వ్యాజ్యెము నడుపనిచ్చునా అనియు అడిగెను. ఫ్రెడ్ ఒప్పుకొనెను. పారిపోయినవాడు అక్కడ నిలబడెను. జామీను సొమ్ము 5,000 డాలర్లు చెల్లించినను, సైనికులు అతనిని వదలక టాన్‌ఫోరాన్ అను స్థలమునకు తీసికొనిపోయిరి. అది గుఱ్ఱపు పందెముల మైదానము. గుఱ్ఱములను కట్టిన సాలలలో మనుష్యులను ఉంచిరి. ఒక్కొక్క కొట్టుకు ఒక్క దీపము. గోడల సందులలోనుండి గాలి, దుమ్ము వచ్చుచుండెను. దీనికంటె చెరసాలయే మేలని అతడు తరువాతి కాలమున చెప్పుచుండెను.

అంతకంటె బాధాకరమైనది మరియొకటి. అతని స్వజనులే అతనికి దూరముగా నుండిరి. ఇతనివలన తమకు ఇంకను కీడు కలుగునేమోయని భయపడిరి. భయములోనున్నవారిని మనము తప్పుపట్టజాలము. కాని ఆ ఒంటరితనము ఎట్టిదో ఊహింపగలము. 1942 సెప్టెంబరులో న్యాయస్థానము అతనిని దోషిగా తీర్చి, ఐదు సంవత్సరముల నిఘా విధించెను. తరువాత కుటుంబముతో కూడ యూటా రాష్ట్రపు ఎడారిలోని టోపాజ్ శిబిరమునకు పంపిరి. ఆ శిబిరములోనే 1943 ఏప్రిల్‌లో, కంచె దగ్గర నడచుచున్న 63 సంవత్సరముల వృద్ధుని కావలివాడు కాల్చి చంపెను.

ఓడిన వ్యాజ్యెము

వ్యాజ్యెము దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు చేరెను. 1944 డిసెంబరు 18న ఆరుగురు న్యాయాధిపతులు ప్రభుత్వము పక్షమునను, ముగ్గురు ఫ్రెడ్ పక్షమునను తీర్పు చెప్పిరి. యుద్ధకాలమున సైన్యము అవసరమని చెప్పినదానిని కాదనజాలమని ఆరుగురు తలంచిరి. భిన్నాభిప్రాయము వ్రాసిన ముగ్గురిలో ఒకరు, ఇట్టి తీర్పు ముందుకాలమున ఏ అధికారికైనను చేతికందు ఆయుధమగునని హెచ్చరించెను.

యుద్ధము ముగిసెను. ఫ్రెడ్ డిట్రాయిట్ నగరమున పని చేయుచు 1946లో కాథరీన్ అను తెల్లజాతి స్త్రీని వివాహమాడెను. అట్టి వివాహము ఆనాడు కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధము. 1949లో వారు కాలిఫోర్నియాకు తిరిగివచ్చిరి. ఇద్దరు బిడ్డలు కలిగిరి. అతడు నకలు చిత్రములు గీయు డ్రాఫ్ట్స్‌మన్ పని చేసెను. నేరస్థుడను ముద్ర ఉన్నందున మంచి ఉద్యోగములు దొరకుట కష్టమాయెను. ఓక్లాండ్ మొదటి ప్రెస్బిటేరియన్ సంఘములో పెద్దగా సేవ చేసెను. స్కౌటు బాలురకు సహాయపడెను. తన కథను మాత్రము ఎవరికిని చెప్పలేదు. అతని కుమార్తె బడిలో స్నేహితురాలు ఒక పుస్తకమునుగూర్చి చెప్పుచుండగా మొదటిసారి ఆ సంగతి వినెను. అంతటి మౌనము! నేరము చేయనివాడు నలువది సంవత్సరములు అవమానము మోసెను.

కాలిపోక మిగిలిన ప్రతి

1980 తరువాత పీటర్ ఐరన్స్ అను ఆచార్యుడును, ఐకో హెర్జిగ్-యోషినాగా అను స్త్రీయు ప్రభుత్వపు పాత కాగితములను వెదకసాగిరి. ఐకో తానే యువతిగా ఆ శిబిరములలో ఉంచబడినది. వారికి దొరికినదేమనగా, జపాను సంతతివారు తీరమునుండి శత్రు ఓడలకు సంకేతములు పంపుచున్నారని సేనాని చెప్పిన మాట నిజము కాదని ప్రభుత్వపు విచారణ శాఖలే ముందుగా తెలిపియుండెను. ఆ సంగతి న్యాయస్థానమునకు తేటగా చెప్పవలెనని కొందరు ప్రభుత్వ న్యాయవాదులు కోరినను, పైవారు ఒప్పుకొనలేదు. ఇంకొకటి కలదు. అపరాధిని నిరపరాధిని వేరుచేయుటకు సమయము లేకపోయెనని ప్రభుత్వము వాదించియుండెను. కాని సేనాని నివేదిక మొదటి ప్రతిలో సమయమునుగూర్చి కాదు, ఆ జాతివారిని ఎంత కాలమైనను వేరుచేయజాలమని వ్రాసియుండెను. ఆ ప్రతులను కాల్చివేసి నివేదికను మార్చిరి. ఒక్క ప్రతి మిగిలెను. దానిని ఐకో కనుగొనెను. యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కోసి నిప్పులో వేసిన సంగతి యిర్మీయా 36వ అధ్యాయములో మనము చదువుచున్నాము. కాగితము కాలును గాని సత్యము కాలదు.

ఈ ఆధారములతో యువ న్యాయవాదులు కొందరు, వారిలో అనేకులు శిబిరములలో నుండిన వారి బిడ్డలు, 1983 జనవరిలో వ్యాజ్యెమును తిరిగి తెరువగోరిరి. అప్పుడు ప్రభుత్వము అతనికి క్షమాభిక్ష ఇచ్చెదమని తెలియజేసెను. ఫ్రెడ్ వద్దనెను. క్షమాభిక్ష దోషికి ఇచ్చునది. తాను దోషి కాడు. క్షమింపవలసివచ్చిన యెడల తానే ప్రభుత్వమును క్షమింపవలెనని ఆ దంపతులు తలంచిరి.

ఇక్కడ మన సందేహమునకు జవాబు కలదు. వారి మనస్సులో పగ లేదు. క్షమించుటకు సిద్ధముగానే ఉండిరి. కాని తప్పును తప్పని ఒప్పుకొననిదే, అది రేపు మరియొకరి మీద పడును. పౌలు ఫిలిప్పీలో పట్టుబట్టినది తన గౌరవముకొరకు మాత్రమే అని మేము తలంచము. అతడు వెళ్లిపోయిన తరువాత ఆ పట్టణములోనే ఉండవలసిన క్రొత్త విశ్వాసులున్నారు గదా!

1983 నవంబరు 10న, శాన్ ఫ్రాన్సిస్కోలో న్యాయాధిపతి మెరిలిన్ హాల్ పటేల్ ఎదుట ఫ్రెడ్ నిలబడి మాట్లాడెను. ప్రభుత్వము తన తప్పును ఒప్పుకొనవలెననియు, ఏ జాతివారికిని ఇది మరల జరుగకుండ చూడవలెననియు కోరెను. ఆ దినమే ఆమె అతని శిక్షను కొట్టివేసెను. 1988లో ప్రభుత్వము చట్టము ద్వారా క్షమాపణ చెప్పి, బ్రదికియున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు పరిహారమిచ్చెను. 1998లో అధ్యక్షుడు క్లింటన్ అతనికి దేశపు ఉన్నత పౌర పతకము నిచ్చెను.

వృద్ధాప్యములో అతడు విశ్రమింపలేదు. 2001 తరువాత ముస్లిములను విచారణ లేక నిర్బంధించినప్పుడు, తనది కాని మతమువారి పక్షమున అత్యున్నత న్యాయస్థానమునకు మనవి పంపెను. 2005 మార్చి 30న, ఎనుబదియారవ యేట మరణించెను.

అతని తరువాత

1944 నాటి తీర్పు తప్పని ప్రధాన న్యాయాధిపతి 2018 జూన్‌లో వ్రాసెను. అదే తీర్పులో, ఎక్కువగా ముస్లిములు నివసించు కొన్ని దేశములవారు అమెరికాలోనికి రాకుండ అధ్యక్షుడు ట్రంప్ వేసిన నిషేధమును న్యాయస్థానము నిలిపెను. 2019లో, ఓక్లహామాలోని ఫోర్ట్ సిల్ అను సైనిక స్థావరమున 1,400 మంది వలస బిడ్డలను ఉంచ తలపెట్టిరి. యుద్ధకాలమున జపానీయులను నిర్బంధించిన స్థలమది. శిబిరములలో బాల్యము గడిపిన వృద్ధులు అక్కడికి వెళ్లి ఎదిరించిరి. ఆ ఆలోచన నిలిపివేయబడెను.

2025లో వలసదారుల నిర్బంధము మునుపెన్నడు లేనంత పెరిగెను. ఆ జూలైలో నిర్బంధ స్థలములకు 4,500 కోట్ల డాలర్లు కేటాయించిరి. సంవత్సరాంతమునకు నిర్బంధితులు 65,000కు మించిరి. వారిలో అధికసంఖ్యాకులకు మునుపు నేరశిక్ష పడియుండలేదు. అనుమతి లేక దేశములో ప్రవేశించినవారికి జామీను విచారణయే లేదని ప్రభుత్వము వాదించగా, పలువురు జిల్లా న్యాయాధిపతులు కాదనిరి. టెక్సాసులోని ఫోర్ట్ బ్లిస్‌లో ఆగస్టున గుడారముల శిబిరము తెరువబడెను. అదియు జపానీయులను ఉంచిన స్థలమే గనుక జపాను సంతతివారి సంఘములు బహిరంగముగా ఆక్షేపించెను.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. 2019 జనవరిలో, అధికారులే నడిపిన ఒక కపట విశ్వవిద్యాలయములో చేరినందుకు 129 మంది భారతీయ విద్యార్థులను అమెరికాలో నిర్బంధించినప్పుడు, వారిలో తెలుగు బిడ్డలు అనేకులు. మన పల్లెలలో ఎన్నో తల్లులు ఆ వారము నిద్రపోలేదు.

ఫ్రెడ్ పౌరుడు, నేటి నిర్బంధితులలో అనేకులు పౌరులు కారు. ఈ భేదమును మేము దాచము. సరిహద్దులను కాపాడుకొను అధికారము ప్రతి దేశమునకు కలదు. కాని ఒక మనుష్యుని మాట వినకముందే అతనికి తీర్పు తీర్చవచ్చునా అని నీకొదేము సభలో అడిగిన ప్రశ్న పౌరునికే గాక ప్రతి మనుష్యునికి చెందినది.

ప్రియ పాఠకులారా, మన ఊరికి పనికి వచ్చిన పొరుగువారిమీద ఒక దొంగతనము మోపబడినప్పుడు, వారి గుంపంతయు అట్టిదేయని మనము అనుచున్నామా? లేక ఎవరు ఏమి చేసిరో విచారింతమని అనుచున్నామా? అట్టి దినమున రచ్చబండయొద్ద ఒక్కడు లేచి ఆ మాట అడిగిన చాలును. అతడు ఒంటరివాడు కావచ్చును. అప్పుడు అతని ప్రక్కన నిలుచుట సంఘముయొక్క పని.